ముల్లు పలికిన సాక్ష్యము

నేను ముప్పది నాలుగేండ్లు పల్లెటూరి బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. బాల్యమున తర్కసంగ్రహము వరకు గురుముఖమున చదివితిని. అట్టివాడు పాత లారీలోని పెట్రోలు ముల్లును బాగుచేయుటను గూర్చి ప్రసంగింప వచ్చినాడనిన మీలో కొందరికి నవ్వు రావచ్చును. శబ్దమంజరి పట్టిన చేతికి రెంచి యేల యని అడుగవచ్చును. సమాధానము చెప్పెదను. ఆ ముల్లు మా యూరిలో ఒక మంచివానిని దొంగను చేసినది. ముల్లు ఒక్కటియే చేయలేదు, నేను తోడుపడితిని. కావున దాని మరమ్మతును నేను నేర్వవలసి వచ్చినది.

ముందు ఆ లారీ సంగతి మనవి చేసెదను. జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయిలో కార్లు, లారీలు కూర్చు పని ఆరంభించి 1954లో చాలించిరి. మా లారీ ఆ కాలపు షెవ్రొలే, 1948 నాటిది. మా తండ్రిగారు దానిని ఒక మిల్లువారివద్ద పాతదానిగా కొనిరి. అది చాలయేండ్లు ధాన్యము మోసి, పిమ్మట పశువులసావడిలో గడ్డివాము చాటున పడియుండెను. విద్యుచ్ఛక్తి పని చదివిన మా మేనల్లుడు 2023లో దానిని వెలికి తీసి, ఇంజను విప్పి కూర్చి, చట్రమునకును టాంకునకును దట్టముగా రంగు వేయించి మరల నడిపించెను. తండ్రిగారి కాలమున దానిని నడిపిన డ్రైవరు ఇంకను మా యూరనే యున్నాడు. నాకంటె పదియేండ్లు పెద్దవాడు. అతనినే పిలిచి తాళపుచెవి చేతిలో పెట్టితిమి.

2024 శ్రీరామనవమికి ముందునాడు కల్యాణ సంతర్పణకు బియ్యము, బెల్లము తెచ్చుటకు ఆ లారీని ఇరువది కిలోమీటర్ల దూరములోనున్న పట్టణమునకు పంపితిమి. సంతర్పణ లెక్కలు నావి. బయలుదేరునపుడు డ్రైవరు, "పంతులుగారూ, టాంకు అడుగంటినది, నలుబది లీటర్లైనను పోయింపవలె" నని చెప్పెను. నేను లారీలోనికి తొంగి చూచితిని. ముల్లు ఎఫ్ అను అక్షరమును దాటి నిలిచియున్నది. "నిండుగనే యున్నది గదా అన్నా, ఎందులకైనను మంచిది, పది లీటర్లు పోయించు" మని ఆ మేరకే రూకలిచ్చితిని.

ఆ సాయంకాలము లారీ ఊరికి మూడు కిలోమీటర్ల దూరమున కాలువగట్టుమీద ఆగిపోయెను. మేము ట్రాక్టరు తీసికొని పోయి చూడగా టాంకులో చుక్క లేదు. దీపము వేసి ముల్లును చూచితిని. ఉదయము ఎఫ్‌ను దాటియున్న ముల్లు ఇపుడు ఇ అను అక్షరముపై పడియున్నది. అంతే, నా బుద్ధి కొక లెక్క తోచెను. ఉదయము నిండు, సాయంకాలము శూన్యము, నడచినది నలుబది కిలోమీటర్లైనను లేదు, తక్కిన పెట్రోలు ఏమైనది? బియ్యము దింపిన పిదప రచ్చబండయొద్ద పదిమంది గుమిగూడిరి. అడిగినవారికి నేను, "ముల్లు చెప్పుచున్నది గదా, నేను వేరే చెప్పనేల" యంటిని. డ్రైవరు మాటాడలేదు. తాళపుచెవి మా యరుగుమీద పెట్టి వెడలిపోయెను. మరునాడు కల్యాణమునకు అతడు రాలేదు.

న్యాయశాస్త్రమున ప్రమాణములు నాలుగు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. కొండపై పొగను చూచి అచ్చట నిప్పున్నదని తెలిసికొనుట అనుమానము. సంస్కృతమున ఆ మాటకు హేతువువలన కలుగు జ్ఞానమని అర్థము. మన తెలుగువాడుకలో దానికే శంక యని అర్థము వచ్చినది. ఒక మాటకు ఈ రెండర్థములు ఎట్లు కలిగినవో ఆ రాత్రి నా నడవడిని చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. హేతువును పరీక్షింపని అనుమానము తెలుగు అనుమానమే యగును. ముల్లు నిలుచుట పొగ. టాంకులో పెట్రోలు నిప్పు. ఈ రెండింటికిని ఎడబాయని సంబంధము నిజముగా కలదా యని నేను అడుగలేదు. మూడుదినములైన తరువాత మా మేనల్లుడు అడిగెను. "మామయ్యా, ముల్లు పెట్రోలును చూడదు. తీగలో వచ్చు కరెంటును చూచును" అని ఆ కుఱ్ఱవాడు చెప్పిన మాట నాకు పాఠమైనది.

ఆ యంత్రము పనిచేయు తీరు ఇట్టిది. టాంకులో ఒక సన్నని ఇనుపకాడ కొసను బెండు తేలుచుండును. పెట్రోలు పెరిగిన బెండు లేచును; తరిగిన దిగును. కాడ రెండవకొసను ఒక చిన్న రేకు, పట్టీకి చుట్టిన సన్నతీగపై రాచుకొనుచు జరుగును. ఆ తీగ విద్యుత్ప్రవాహమును అడ్డగించు స్వభావము కలది. ఆ అడ్డును ఓములలో కొలుతురు. ఆ కాలపు షెవ్రొలేలో టాంకు ఖాళీయైనపుడు అడ్డు 0. నిండినపుడు 30 ఓములు.

ఇక డ్రైవరు ఎదుటనున్న గేజిలో రెండు తీగచుట్టలుండును. ఒకటి ముల్లును ఖాళీవైపునకు లాగును. రెండవది నిండువైపునకు లాగును. బాటరీనుండి వచ్చు ప్రవాహము మొదట ఖాళీచుట్టగుండ పోయి, పిదప కాలువనీరు రెండు బోదెలుగా చీలినట్లు చీలును. ఒక బోదె నిండుచుట్టగుండ పోవును. రెండవది తీగవెంట టాంకునకు పోయి, బెండు జరిపిన అడ్డును దాటి, లారీ చట్రములో కలియును. టాంకు ఖాళీయైన రెండవ బోదెకు అడ్డులేదు. నీరంతయు అటే పోవును. నిండుచుట్టకు ఏమియు మిగులదు. ముల్లు ఇ వైపు వ్రాలును. టాంకు నిండిన ఆ బోదెకు అడ్డు పెరుగును; ప్రవాహము నిండుచుట్టకు మరలును; ముల్లు ఎఫ్ వైపు లేచును. రెండుచుట్టల బలములను పోల్చి చూపునది గనుక బాటరీ కొంత నీరసించినను ముల్లు అంతగా తప్పుచెప్పదు. చేసినవారి బుద్ధి మెచ్చదగినదే.

కాని ఒక్క సందర్భము నాలోచింపుడు. ఆ రెండవ బోదె పూర్తిగా పూడిపోయిన ఏమగును? ప్రవాహమంతయు నిండుచుట్టకే పోవును. టాంకు ఎండియున్నను ముల్లు ఎఫ్‌ను దాటి నిలుచును. ప్రవాహము టాంకునుండి చట్రమునకు పోవు దారిని మన మెకానికులు ఎర్తు అందురు. మా లారీలో టాంకునకును చట్రమునకును నడుమ మేము రంగు దట్టముగా పూయించితిమి. పట్టీల క్రింద కొత్త రబ్బరు ముక్కలు పెట్టించితిమి. ఇనుము ఇనుమును తాకుటకు ఎడములేక పోయినది. అందము కొరకు చేసిన పనియే ఎర్తును చెరచినది. పట్టణపు బాటలో గతుకులకు ఎచ్చటనో రంగు రాలి ఇనుము ఇనుమును తాకెను, బోదె తెరచుకొనెను, ముల్లు క్రిందికి దిగి ఉన్నమాట చెప్పెను. ఉదయము దాని మాట అబద్ధము, సాయంకాలము నిజము. ఆ యబద్ధమునకును నిజమునకును నడుమ ఒక మనుష్యుడు నలిగెను.

పరీక్షించిన తీరు చెప్పెదను. పాత బండి యున్నవారి కుపయోగపడును. మొదట టాంకునొద్ద తీగను విడదీసి, టాంకు మూత బిగించియుండగా ఆ తీగకు మరియొక తీగను కలిపి దాని కొసను దూరముగా తెచ్చితిమి. తాళము త్రిప్పగా ముల్లు ఎఫ్‌ను దాటెను. ఆ కొసను రంగు గీకిన చట్రమునకు తాకింపగా ముల్లు ఇ మీదికి దిగెను. ఈ రెండును సరిగా జరిగిన గేజియు తీగయు నిర్దోషులు. దోషము టాంకువైపుననే యున్నది. పిదప తాళము కట్టివేసి, తీగను యథాస్థానమున బిగించి, టాంకులోని సాధనము యొక్క మూతరేకునుండి చట్రమునకు వేరొక తీగ కట్టితిమి. తాళము త్రిప్పగా, అంతవరకు ఊగుచు నిలుకడలేకయున్న ముల్లు శాంతించి ఒకచోట నిలిచెను. రోగము దొరికినది. నాలుగు మూరల తీగయు, రెండు మరలును, కొంచెము గరుకు కాగితమును దీని మందు.

అయితే ఇంకొక చిక్కు మిగిలినది. టాంకు నిండ పోసినను ముల్లు ముప్పాతికవద్దనే ఆగెను. అపుడు సాధనమును పైకి తీయవలసి వచ్చినది. ఇచ్చట నా మాట శ్రద్ధగా వినుడు. ముందు బాటరీ తీగ విప్పవలయును. పని ఆరుబయట చేయవలయును. బీడీ, చుట్ట, దీపము దరికి రాకూడదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. గుంటలలో పేరుకొని దూరపు నిప్పునకును అంటుకొనును. ఖాళీటాంకులో ఆవిరి నిండియుండును గనుక అది నిండు టాంకుకంటె అపాయకరము. టాంకునకు అతుకు వేయవలసివచ్చిన ఆ పని తెలిసినవారికే యొప్పగింపుడు. సాధనము చుట్టునున్న దుమ్ము తుడిచిన తరువాతనే మరలు విప్పుడు. లేనిచో ఆ మట్టి టాంకులో పడి ఇంజనును బాధించును.

సాధనము వెలికి వచ్చినది. దాని బెండు చెట్టుబెరడుతో చేసినది. పెట్రోలు పీల్చకుండ పూర్వము దానిపై లక్కపూత పూసెడివారు. చేతబట్టిన తడిసిన మట్టిముద్దవలె బరువుగా నుండెను. ఎందువలననగా, 2023లో మొదలై 2025 నాటికి దేశమంతట నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు వ్యాపించినది. ఇథనాలు ఒకజాతి సారాయమే. వడ్రంగులు లక్కను స్పిరిటులో కరగించి బల్లలకు పూయుట మీరెరుగుదురు. ఆ విధముననే పాత బెండుమీది లక్క కొత్త పెట్రోలులో కరగి పోవును. బెండు పెట్రోలు త్రాగి మునుగును. ముల్లు తక్కువ చూపును. మేము బెరడుబెండును తీసివేసి ఇత్తడి బుడ్డిని అమర్చితిమి. ఇత్తడి బుడ్డిని కొనునపుడు వేడినీట ముంచి చూడవలయును. ఎచ్చటనైన బెజ్జమున్న బుడగలు వచ్చును.

తీగచుట్టిన పట్టీని మెత్తని గుడ్డతో తుడిచి, ఓములు కొలుచు మీటరు తగిలించి, కాడను క్రిందినుండి మీదికి మెల్లగా లేపితిమి. అంకెలు 0 నుండి 30 వరకు ఆగక పెరిగినవి. నడుమ ఎచ్చటనైన అంకె ఎగిరిపడినచో తీగ అచ్చట అరిగినదని తెలియవలయును. ఇంకొక హెచ్చరిక. అన్ని బండ్లకును ఈ లెక్క ఒకటి కాదు. 1950 దశకపు చివరనుండి చాలకాలము వచ్చిన ఫోర్డు బండ్లలో ఖాళీకి సుమారు 73 ఓములు, నిండుకు సుమారు 10. అచ్చట తీగ తెగిన ముల్లు ఖాళీని చూపును. మరికొన్ని గేజులలో ఖాళీకి 240, నిండుకు 33. కావున ఒక బండి గేజికి వేరొక బండి సాధనమును తగిలింపరాదు. అట్లు చేసిన తెలుగు ప్రశ్నకు అరవమున సమాధానము వచ్చినట్లుండును.

తుదకు కొలత సరిచూచుట. లారీని చదునైన నేలపై నిలిపి, టాంకును పూర్తిగా వంపి, ఎర్తును బిగించి, అయిదేసి లీటర్లు పోయుచు ప్రతిమారు ముల్లును చూచితిమి. కాడను కొంచెము వంచి ఖాళీకొనను సరిచేసితిమి. నిండుకొన కొంత తప్పినను ఎవరికిని కీడులేదు. ఖాళీకొన తప్పిన బాటలో నిలువవలసి వచ్చును. పోసిన ప్రతి అయిదు లీటర్లకును ఎండిన వెదురుబద్దను టాంకులోనికి దింపి తడి ఎంతవరకు వచ్చెనో చూచి అచ్చట గాటు పెట్టితిని. గాట్ల నడుమ ఎడము సమముగా లేదు. టాంకు వంపులు అట్టివి. ముల్లు సగము చూపినపుడు టాంకులో సరిగా సగమే యుండుననుకొనుట పొరపాటని ఆ గాట్లే చెప్పినవి. ముల్లు అనుమానము, వెదురుబద్ద ప్రత్యక్షము.

రెండవ గాటువద్ద నా చేయి ఆగెను. అది పది లీటర్ల గాటు. ఇంటికి పోయి సంతర్పణ లెక్కల పుస్తకము తీసితిని. "పెట్రోలు 10 లీటర్లు" అని నా చేతివ్రాతయే. ఆ లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లకు మించి నడువదని చిన్ననాటినుండి ఎరుగుదును. అది ఆ దినమున నడచినది ముప్పదియేడు కిలోమీటర్లు. తక్కినది సరకు ఎక్కించు వేళ ఇంజను త్రాగినది. లెక్క సరిపోయినది. దొంగతనమునకు ఒక లీటరైనను చోటులేదు. అంతేకాదు, ఉదయము టాంకు నిండియుండిన పది లీటర్లు అందులో ఎట్లు పట్టినవి? నిండుకుండలో నీరు పోసిన పొరలిపోవునని అయిదేండ్ల బాలురకు తెలియును. ముప్పది నాలుగేండ్లు బెత్తము పట్టిన నాకు ఆ రాత్రి తోచలేదు.

ఆ సాయంకాలమే డ్రైవరింటికి పోయితిని. అతడు వేపచెట్టు క్రింద కూర్చుండి పలుపుత్రాడు పేనుచుండెను. నన్ను చూచి లేచి మంచము వాల్చెను. నేను కూర్చుండలేదు. "అన్నా, తప్పు నాది. ముల్లును నమ్మి నిన్ను నమ్మనైతి" నంటిని. అతడు త్రాడు వదలలేదు. కొంతసేపటికి, "పంతులుగారూ, రంగు వేసిన నాటినుండి ఆ ముల్లు కదలుట లేదని మీకు రెండుమార్లు చెప్పితిని. టాంకు అడుగంటినదని ఆనాడును చెప్పితిని" అనెను. నిజమే. నమ్మదగినవాని మాటయే శబ్దప్రమాణమని పిల్లలకు చెప్పినవాడను. నలుబదియేండ్లుగా ఎరిగిన ఆప్తుని మాటను త్రోసివేసి రేకుముక్కను ఆప్తునిగా చేసికొంటిని.

నేను క్షమింపుమంటిని. అతడు తలయెత్తి, "నాకేమియు కోపము లేదు. కాని మీరు అన్నది రచ్చబండయొద్ద, ఇపుడు చెప్పుచున్నది మా వాకిట" అని మరల త్రాడు పేనసాగెను.

ఆ మాటకు సమాధానము లేదు. మరునాడు ప్రొద్దున అదే రచ్చబండయొద్ద, ఆనాడు విన్నవారిలో వీలైనవారినందరిని పిలిపించి, లెక్కలపుస్తకమును వెదురుబద్దను వారి యెదుట పెట్టి, జరిగినది జరిగినట్లు చెప్పితిని. కొందరు నవ్విరి, కొందరు తలలు వంచుకొనిరి. ఆనాడు దొంగ యన్నవారిలో నేనొక్కడనే కాదుగదా. పెదవి దాటిన నింద ఎన్ని యిండ్లు తిరిగి వచ్చెనో ఎవరెరుగుదురు? మరలించినమాట అన్ని యిండ్లకును చేరినదని చెప్పజాలను. ఆ కారణముచేతనే నేడు ఇచ్చటను చెప్పుచున్నాను. ముల్లును బాగుచేయుటకు మూడుదినములు పట్టినది. ఈ రెండవ మరమ్మతు ఇంకను జరుగుచునే యున్నది.

మహాశయులారా, మీ గ్రామములలో పాత లారీలు ఉండవచ్చును, లేకపోవచ్చును. ముండ్లును అంకెలును లేని గ్రామము నేడు లేదు. ధాన్యమున తేమ యెంతో ఒక యంత్రము చెప్పును. పాలలో వెన్న యెంతో ఒక యంత్రము చెప్పును. ఇంటిలో కాలిన విద్యుత్తు ఎంతో గోడమీది మీటరు చెప్పును. అవి మనకు మేలు చేయు సాధనములే. వానిని నిందించుట నా యుద్దేశము కాదు. అయినను అవి చూచునది ఒకటి, మనము చదువుకొనునది మరియొకటి. నడుమ ఒక తీగ యున్నది, ఒక ఎర్తు ఉన్నది. తగవు మీ యెదుటికి వచ్చినపుడు, ఈ రైతు నీరు కలిపినాడనియు, ఆ కూలి కాజేసినాడనియు యంత్రము సాక్ష్యము పలికినపుడు, ఆ సాక్షిని ఒకమారు అడ్డుప్రశ్న వేయుడు. రెండవ కొలత పెట్టి చూడుడు. ఎదుటివాడు ఏమి చెప్పుచున్నాడో పూర్తిగా వినుడు. తీర్పు ఆ తరువాత చెప్పుడు.

2025 శ్రీరామనవమికి లారీ మరల పట్టణమునకు పోయినది. నడిపినవాడు అతడే. బయలుదేరుటకు ముందు ముల్లును చూచెను. దిగివచ్చి వెదురుబద్దను టాంకులో దింపి చూచెను. దానిని తుడిచి నా చేతికిచ్చి, "మీరును చూడుడు పంతులుగారూ" అనెను. నేనును చూచితిని. ఆ బద్ద ఇపుడు డ్రైవరు సీటు వెనుకనే యుండును.